పాఠము చెప్పుట – పాఠము అప్పజెప్పించుకొనుట



దానములలో విద్యాదానము విశిష్టమని పెద్దలు చెప్పుదురు. అన్నము పెట్టినవాని పాత్ర తరుగును, వస్త్రమిచ్చినవాని పెట్టె తరుగును. విద్యనిచ్చినవానికి మాత్రము తరుగు లేదు. ఈ మాట అందరును ఎరిగినదే. అయితే ఇచ్చిన విద్య అవతలివానికి ముట్టినదో లేదో తెలిసికొనుట ఎట్లు? అన్నదాత విస్తరివైపు ఒక్కమారు చూచిన చాలును. విద్యాదాత ఎటు చూడవలెను? ఈ ప్రశ్న నేటి కాలమున మరింత సూక్ష్మమైనది. ఏలయన ఇప్పుడు చెప్పువాడు ఒక ఊర, వినువాడు మరొక ఊర, ఇరువురి నడుమ అరచేయి వెడల్పు గల ఒక గాజుపలక. ఆ పలక మీదుగా పెద్ద తరగతి విద్యార్థులు చిన్న తరగతుల పిల్లలకు గణితము బోధించుట ఇటీవలి సంవత్సరములలో సామాన్యమైనది. అందు విద్య నిజముగా సంక్రమించుచున్నదా అను విచారమే ఈ వ్యాసము.

వేదాంతజిజ్ఞాసువులకు ఆరవ తరగతి లెక్కలతో పనియేమి అని కొందరికి తోచవచ్చును. గణితము మన సంప్రదాయమునకు పరాయిది కాదు. ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయమున నారదమహర్షి సనత్కుమారుని ఆశ్రయించి, తాను అభ్యసించిన విద్యల పట్టికను విన్నవించునప్పుడు అందులో ‘రాశి’ అను విద్యను పేర్కొనెను. శంకరభగవత్పాదులు ఆ పదమునకు గణితమనియే అర్థము చెప్పిరి. శుల్బసూత్రములు యజ్ఞవేదిని కొలుచు త్రాటినుండి పుట్టిన క్షేత్రగణితము. శ్యేనచితిలో ప్రస్తారమునకు 200 ఇటుకల చొప్పున ఐదు ప్రస్తారములకు 1000 ఇటుకలు; దాని వైశాల్యము ఏడున్నర చదరపు పురుషలు. ఆ ‘అర’ దగ్గర పొరబడినవాడు చితిని నిలుపలేడు. 1150వ సంవత్సరమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతీగణితము ఒక బాలికను సంబోధించుచు ప్రశ్నలడుగును. మన తెలుగునాట పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కను పిల్లవానికి ఎట్లు చెప్పవలెనను చింత ఈ నేలమీద నిన్న పుట్టినది కాదు.

ఇక బోధనావిధానమునకు వత్తము. వేదపాఠశాలలో గురువు ఒక్కమారు పలుకును, శిష్యులు రెండుమారులు పలుకుదురు. దీనినే సంత చెప్పుకొనుట అందురు. ఇందలి లెక్కను గమనింపుడు. గురువు నోటికి ఒక వంతు పని, చెవికి రెండు వంతుల పని. స్వరము జారినచోట గురువు అక్కడికక్కడే ఆపును. ఆపవలెనన్న విని తీరవలెను. పిమ్మట వల్లెవేయుట. మరునాడు పాఠము అప్పజెప్పుట. అప్పగించిన దానిని మరల అప్పగించుటయే ‘అప్పజెప్పుట’ అని ఆ తెలుగు పదమే చెప్పుచున్నది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఆచార్యుని పూర్వరూపముగను, శిష్యుని ఉత్తరరూపముగను, విద్యను ఆ రెంటి సంధిగను నిరూపించినది. సంధికి రెండు వర్ణములు కావలెను. ఒక్క అక్షరము తనంత తాను ఎంతసేపు పలికినను సంధి జరుగదు.

పెద్ద శిష్యుడు చిన్న శిష్యునికి పాఠము చెప్పుట కూడ మన వీధిబడులలో అనూచానముగా ఉండినదే. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను గురించి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. అప్పటి ఆ జిల్లాలో 533 బడులుండగా వానిలో 226 తెలుగు బడులు. క్రింది శ్రేణి పిల్లలను పెద్ద పిల్లల పరముచేసి, పై శ్రేణివారిని ఉపాధ్యాయుడు తానే చూచుకొనుచుండెనని ఆయన వర్ణించి, ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట యుక్తమేననియు వ్రాసెను. ఆ అనుకరణ వెనుక ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడున్నాడు. మద్రాసులో సైనికుల అనాథ బాలుర శాలను నడుపుచు, దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుటను చూచి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు నేర్పించు ఏర్పాటు చేసి, 1797లో దానిని లండనులో ప్రకటించెను. అదియే ‘మద్రాసు పద్ధతి’ అను పేర దేశదేశములకు వ్యాపించినది.

అయితే క్యాంప్‌బెల్ మెచ్చి ఊరకుండలేదు. పిల్లలు అసంఖ్యాకముగ పద్యములు వల్లించుదురు గాని అర్థము తెలియుటలో వారు చిలుకలతో సమానమని కూడ అదే నివేదికలో వ్రాసెను. పరదేశీయుడు వ్రాసెనని ఈ రెండవ మాటను త్రోసివేసి మొదటి మాటను మాత్రము నెత్తిన పెట్టుకొనుట న్యాయము కాదు. నిరుక్తకారుడైన యాస్కుడు కూడ అర్థమెరుగక వేదమును మోయువానిని స్తంభముతో పోల్చిన ప్రాచీనవాక్యమును ఉదాహరించియున్నాడు. కావున అప్పజెప్పుట రెండు విధములని తెలియవలెను. శబ్దమును అప్పజెప్పుట ఒకటి, దారిని అప్పజెప్పుట మరియొకటి. వేదమునకు మొదటిది తప్పనిసరి. గణితమునకు రెండవది లేనిదే మొదటిది నిష్ఫలము.

ఈ భేదము నేటి పల్లెలలో ఎట్లు కనబడుచున్నదో చూతము. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ నాగపూరు జాతీయ రహదారిమీద, శామీర్‌పేట కరీంనగరు పోవు రాజీవ్ రహదారిమీద ఉన్నవి. నగరమునుండి బయలుదేరిన రెండు బాటలు చేతివ్రేళ్ళవలె విడిపోయిన చోట ఇవి చెరియొక వ్రేలి కొన. శామీర్‌పేట వైపు పెద్దచెరువు, నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము, 2008లో వచ్చిన బిట్స్ పిలానీ ప్రాంగణము, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఔషధ పరిశోధనశాలలు. మేడ్చల్ వైపు రైలుస్టేషను, పారిశ్రామికవాడ, కండ్లకోయ దగ్గరి ఇంజనీరింగు కళాశాలలు. ఉన్నతవిద్యకు ఇంత సమృద్ధి గల చోటనే, ఆ గోడలకు ఆవల, భిన్నముల కూడిక రాక చదువు మానదలచిన పిల్లలు కూడ ఉన్నారు.

2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు, ఆ ఏడు సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ వాహినుల ద్వారా పాఠములు ప్రసారము చేసెను. ఆపత్కాలమున అది గొప్ప ఉపకారము. కాని దూరదర్శనము చెప్పును, వినదు. దాని ముందు కూర్చున్న పిల్లవాడు తల ఊపిన ఊపు ఎవరికిని చేరదు. ఆ లోటును కొన్ని ఇండ్లలో అక్కలు, అన్నలు పూరింప మొదలిడిరి. బడులు తెరచిన తరువాత కూడ ఆ అలవాటు కొన్నిచోట్ల నిలిచిపోయెను.

మేడ్చల్ పాత ఊరిలో అట్టి ఇల్లు ఒకటి కలదు. వైదిక కుటుంబము. ఆ ఇంటి బాలిక ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమున గణితము ప్రధానముగా చదువుచుండెను. తాతగారు ఘనాంతము అధ్యయనము చేసినవారు. వార్ధక్యముచేత వరండాలోని కుర్చీకి పరిమితమైరి. పూర్వము వారి పొరుగున అద్దెకుండిన ఒక కుటుంబము, ఇంటియజమాని సరకుల ఆటో నడుపుటకు అనుకూలమని శామీర్‌పేట వైపు తరలిపోయెను. వారి కుమారుడు ప్రభుత్వ పాఠశాలలో ఆరవ తరగతి. లెక్కలలో వెనుకబడినాడని తల్లి బాధపడగా, ఈ బాలిక తాను ఫోనులో చెప్పెదనని మాట ఇచ్చెను. దూరము గొప్పది కాకపోయినను, చీకటిపడిన తరువాత ఒక కన్య బస్సులు మారి వెళ్ళి రాదగిన దారి కాదు. పిల్లవాని ఇంట ఉన్నది ఒక్కటే ఫోను. అది తండ్రితోపాటు పగలంతయు ఆటోలో తిరిగి రాత్రి ఏడు గంటలకు ఇల్లు చేరును. ఏడున్నరనుండి ఎనిమిదిన్నర వరకు పాఠము.

బాలిక శ్రద్ధకు లోపము లేదు. ముందుగానే సూత్రములను అందముగా వ్రాసి వాట్సాప్‌లో ఛాయాచిత్రములు పంపును. గంటసేపు ఆగక చెప్పును. ప్రతి లెక్క చివర “అర్థమైందా?” అని అడుగును. “అర్థమైందక్కా” అని ఆ పిల్లవాడు అనును. ఇట్లు నెలన్నర గడచెను. బడిలో భిన్నములమీద పరీక్ష పెట్టిరి. ఒక్క లెక్కయు సరిగా రాలేదు.

ఆ రాత్రి బాలుడు ఏడువక, మామూలు మాట చెప్పినట్లే చెప్పెను: “ఏడో తరగతి అయినంక షెడ్డుల పెడ్త అన్నడు మా నాయిన. లెక్కలు రానోనికి సదువెందుకు అన్నడు. నేను గూడ షెడ్డుకే పోతక్కా.” మెకానిక్కు షెడ్డులో పని హీనమైనదని కాదు. పదకొండేండ్ల వయసున తనకు విద్య రాదని ఒక పిల్లవాడు తీర్పు చెప్పుకొనుటయే అందలి దుఃఖము.

బాలిక ఫోను పెట్టివేసి తాతగారి దగ్గర కన్నీరు పెట్టుకొనెను. ఎంత చెప్పినను వానికి ఎక్కుట లేదని ఆమె బాధ. తాతగారు కొంతసేపు ఊరకుండి, “అమ్మా, నెలన్నర నుంచి రోజూ నీ గొంతు వింటున్నాను. ఆ పిల్లవాడి గొంతు ఎట్లా ఉంటుందో నాకింతవరకు తెలియదు” అనిరి. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు.

మరునాడు పిల్లవాని ఫోనులో డేటా అయిపోయెను. చిత్రము కనబడు పిలుపు కుదరలేదు. ఒట్టి ఫోను మాటలే. వ్రాసి చూపుటకు వీలులేదు. చూపుటకు వీలులేనప్పుడు అడుగుట తప్ప గత్యంతరము లేదు. ఆమె అడిగెను: “సగానికి మూడో వంతు కలిపితే పరీక్షలో ఎంత రాశావురా?”

“టూ బై ఫైవ్ అక్కా.”

“ఎట్లా వచ్చింది?”

“పైన ఒకటి ఒకటి కలిపితే రెండు. కింద రెండు మూడు కలిపితే ఐదు.”

తప్పు అను మాట ఆమె పెదవి దాకా వచ్చెను. వరండాలోని తాతగారు చేయి ఎత్తి వారించిరి. ఆమె ఆ మాటను మ్రింగి, “అట్లా కలపాలని ఎందుకనిపించింది?” అని అడిగెను. ఆవల చాలసేపు నిశ్శబ్దము. పొరుగింటి టీవీ, కుక్కరు కూత వినవచ్చుచుండెను. తరువాత బాలుడు మెల్లగా చెప్పెను:

“మార్కులు గట్లనే కలుపుతరు గదక్కా. తెలుగుల రెండుకు ఒకటి వచ్చింది. హిందీల మూడుకు ఒకటి వచ్చింది. మొత్తం ఐదుకు రెండు.”

బాలికకు నోట మాట రాలేదు. ఏలయన పిల్లవాడు చెప్పినది నిజము. మార్కులను అట్లే కలుపుదురు. నెలన్నరగా వానికి ఏమియు తెలియదని ఆమె అనుకొనెను. వానికి తెలిసినదేమో నెలన్నర తరువాత తెలిసెను.

“మార్కులకు నువ్వన్నది సరే. ఇప్పుడు రొట్టె సంగతి చెప్పు. అమ్మ ఒక జొన్నరొట్టె చేసింది. సగం తిన్నావు. ఆకలి తీరలేదు, అదే రొట్టెలో మూడో వంతు మళ్ళీ తిన్నావు. మొత్తం సగం కన్నా ఎక్కువ తిన్నావా, తక్కువ తిన్నావా?”

“ఎక్కువనే తిన్న.”

“మరి ఐదు ముక్కల్లో రెండు ముక్కలంటే సగం కన్నా ఎక్కువా, తక్కువా?”

మరల నిశ్శబ్దము. ఈమారు ఆమె తొందరపడలేదు.

“తక్కువ... అక్కా, మళ్ళ తిన్నంక తిన్నది తగ్గిందేందక్కా!” అని పిల్లవాడు పకపక నవ్వెను. ఆ నవ్వు వరండా వరకు వినబడెను.

రొట్టెను ఆరు సమభాగములు చేసినచో సగమనగా మూడు ముక్కలు, మూడవ వంతు అనగా రెండు ముక్కలు, కలిపి ఆరింట ఐదు అని వానికి కుదురుటకు మరి మూడు దినములు పట్టెను. ఒక్క రాత్రిలో అద్భుతము జరుగలేదు. కాని దారి తెరచుకొనినది ఆ రాత్రియే.

ఇక్కడ జిజ్ఞాసువులు ఒక విషయమును ఆలోచింపవలెను. బ్రహ్మసూత్రభాష్యమునకు ముందుగా శంకరభగవత్పాదులు అధ్యాసను నిరూపించిరి. పూర్వమొకచోట చూచినది వేరొకచోట భాసించుటయే అధ్యాస. త్రాటియందు సర్పమును చూచినవాడు సర్పమును ఎన్నడో ఎక్కడనో చూచియే ఉండవలెను. ఎన్నడును చూడనివానికి ఆ భ్రాంతియే కలుగదు. కావున భ్రాంతి శూన్యమునుండి పుట్టదు, జ్ఞానశకలము స్థానము తప్పుటచేత పుట్టును. ఆ బాలుని కూడిక అట్టిదే. మార్కులయందు చూచిన ధర్మమును వాడు రొట్టెయందు ఆరోపించెను. మార్కులలో రెండు పరీక్షలు, రెండు వేర్వేరు మొత్తములు. వానిని చేర్చినప్పుడు ఐదు మార్కుల క్రొత్త మొత్తమొకటి ఏర్పడును. రొట్టెలో మొత్తము ఒక్కటే. సగమును, మూడవ వంతును ఆ ఒక్క పూర్ణమునకే అంశములు. పూర్ణము ఒకటియా, రెండా అను వివేకము కలిగిన క్షణమున భ్రాంతి తొలగినది.

‘పాము కాదు, పాము కాదు’ అని నూరుమారులు అరచినను భయము పోదు. దీపము తేవలెను. ‘తప్పు, తప్పు’ అని ఎర్రసిరాతో కొట్టినను కూడిక రాదు. పిల్లవాడు ఆ పామును ముందెక్కడ చూచెనో అడిగి తెలిసికొనవలెను. వేదాంతమున అధ్యారోపాపవాదక్రమమని చెప్పునది ఇదియే. శిష్యుడు నిలిచియున్న చోటునుండియే ఆచార్యుడు ఆరంభించును. చోటు తెలియవలెనన్న శిష్యుడు పలుకవలెను. అతడు పలుకవలెనన్న ఆచార్యుడు ఊరకుండవలెను.

దూరదేశములలో జరిగిన పరీక్షలు కూడ ఇట్టి సాక్ష్యమునే ఇచ్చుచున్నవి. 2020లో ఆఫ్రికాఖండమున బోట్స్వానా దేశములో బడులు మూతపడినప్పుడు పరిశోధకులు ప్రాథమిక విద్యార్థుల కుటుంబములకు వారమునకొకమారు లెక్కల సందేశములు ఫోనుకు పంపిరి. కొన్ని కుటుంబములకు సందేశముతోపాటు ఇరువది నిమిషములకు మించని మామూలు ఫోను పిలుపు చేసి, పిల్లవానిచేత లెక్క చేయించిరి. పిలుపు అందుకొన్న పిల్లలకు గణితమున స్పష్టమైన అభివృద్ధి కలిగినది. ఒట్టి సందేశముల ఫలము స్వల్పము. అదే సంవత్సరము ఇటలీలో విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వచ్ఛందముగా మాధ్యమిక తరగతుల పిల్లలకు అంతర్జాలములో పాఠములు చెప్పగా, ఆ పిల్లల చదువు మెరుగుపడినది. ఈ రెండు చోట్లను యంత్రము గొప్పది కాదు. బోట్స్వానాలో అయితే అతిసామాన్యమైన ఫోను. ఆవలి కొసన వినుటకు ఒక మనిషి ఉండుటయే విశేషము.

దీనికి ఎదురుమాట కూడ ఉన్నది, దానిని దాచరాదు. అమెరికాలో సల్మాన్ ఖాన్ అను యువకుడు 2004లో వేరొక నగరమున నున్న తన బంధువుల బాలికకు ఫోనులోను, కంప్యూటరులోను గణితము చెప్ప నారంభించెను. అడుగువారు ఎక్కువ కాగా పాఠములను చిత్రించి 2006నుండి యూట్యూబ్‌లో ఉంచెను. నేడు లోకమంతటను తెలిసిన ఖాన్ అకాడమీ అట్లు పుట్టినది. ఆయన పాఠము చెప్పు బంధువుల పిల్లలు, ప్రత్యక్షముగా వినుటకన్న చిత్రించిన పాఠమే తమకు ఇష్టమనిరట. కారణము గ్రహింపదగినది. చిత్రించిన పాఠమును ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, పదిమారులు వినవచ్చును. పదకొండవమారు అడిగితినని సిగ్గుపడ నక్కరలేదు. అనగా ఆ యంత్రము వల్లెవేయుటకు మంచి తోడు. మన శామీర్‌పేట బాలుడు గూడ ముఖము కనబడని ఫోనులోనే నోరు తెరచెనన్నది మరువరాదు. ఎదుటివాని కన్నులు తనను చూడనప్పుడు కొందరు పిల్లలకు ధైర్యము వచ్చును. కావున గాజుపలకను నిందింప పనిలేదు. వల్లెకు అది చాలును, సంతకు మాత్రము చెవి గల మనిషి కావలెను.

ఇచ్చినవారికి కలుగు లాభము మరొకటి. విద్య ఇచ్చినకొలది పెరుగునందురు. అది ఎట్లు పెరుగునో ఆ బాలిక విషయమున చూడవచ్చును. కలనగణితము చేయగల ఆమె, భిన్నముల హారములను సమము చేయుట చిన్ననాటనే నేర్చెను. కాని ఎందుకు సమము చేయవలెనో ఎన్నడును అడుగుకొనలేదు. పిల్లవాని నవ్వు విన్న రాత్రి ఆమె కాగితముమీద రొట్టెను గీసి, ఆరు ముక్కలు చేసి, చాలసేపు చూచుచు కూర్చుండెను. ముక్కలు ఒకే పరిమాణము కానప్పుడు లెక్కించుటకే వీలులేదు; హారమును సమము చేయుటయనగా ఒకే పరిమాణము గల ముక్కలు కోయుటయే. పన్నెండేండ్లు చదివి, ఆమె ఈ మాటను తనకు తాను చెప్పుకొన్నది అప్పుడే. శీక్షావల్లి స్వాధ్యాయమును ప్రవచనమును విడదీయక జంటగా విధించుటలోని ఔచిత్యము ఇట్టి చోట తెలియును. ప్రవచనము చేయనివానికి తన స్వాధ్యాయములోని రంధ్రములు కనబడవు.

ఇందు ఒక ప్రమాదము కూడ ఉన్నది. దానము చేయువానికి ‘నేను ఇచ్చుచున్నాను’ అను అహంకారము వెంట నంటియుండును. గంటసేపు ధారాళముగా చెప్పినప్పుడు చెప్పినవానికి గొప్ప తృప్తి కలుగును. ఆ తృప్తి శిష్యుని జ్ఞానమువలన కలిగినదా, తన కంఠము తనకు మధురముగా వినబడుటవలన కలిగినదా అని విచారించుకొనవలెను. ‘అర్థమైనదా?’ అను ప్రశ్న వినయముగ కనబడును గాని, అందులో ‘అర్థమైనది’ అను ఉత్తరము కొరకు యాచన ఇమిడియున్నది. చిన్నవాడు మర్యాద తెలిసినవాడైనచో ఆ భిక్ష వేసియే తీరును. ‘ఎట్లు చేసితివో చెప్పుము’ అను ప్రశ్నలో యాచన లేదు.

ఆ తరువాతి మాసములలో ఆ బాలిక పాఠపు తీరు మార్చుకొనెను. ఛాయాచిత్రములు పంపుట మానెను. డేటా ఉన్ననాడు, పిల్లవాడు తన ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించి, ముఖమువైపు గాక నోటుపుస్తకమువైపు వంచి పెట్టును. వ్రాయు చేయి ఆమెకు కనబడును. డేటా లేనినాడు నోటితో చెప్పును. గంటకు పది లెక్కలు చేయుచుండినవారు ఇప్పుడు మూడు చేయుచుండిరి. పాఠ్యపుస్తకము ద్విభాషాపుస్తకము, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లము. బడిలో ‘ఫ్రాక్షన్’ అని విన్న పిల్లవానికి, అది తల్లి కూరగాయల బేరములో వినబడు పావు, అర, ముప్పావులే అని ఎవరును జతపరచి చెప్పలేదు. ఇప్పుడు ప్రతి లెక్కను ముందు తల్లి మాటలో చెప్పి, తరువాత పుస్తకపు మాటలో చెప్పుట నియమమైనది. సంవత్సరాంతపు పరీక్షలో వానికి గొప్ప మార్కులు రాలేదు, కాని ఉత్తీర్ణుడయ్యెను. తండ్రి షెడ్డు మాట మరల ఎత్తలేదు. తాతగారు ఇప్పుడు ఆ బాలుని కంఠమును గుర్తుపట్టుదురు.

భక్తులైన గృహస్థులు దీనినుండి గ్రహింపదగినవి కొన్ని కలవు. ఇంట ఇంటర్మీడియటో, ఇంజనీరింగో చదువు బిడ్డ ఉన్నచో, వారమునకు రెండు మూడు పూటలు ఒక చిన్న తరగతి పిల్లవానికి లెక్కలు చెప్పుమని ప్రోత్సహింపుడు. ఒకరికి ఒక్కరు, మించిన ఇద్దరు. ఇరువదిమందికి చెప్పినచో అది మరల దూరదర్శనమే అగును. చెప్పువారి సొంత పరీక్షల రోజులలో పాఠము ఆపవచ్చును; ఆపుదుమని ముందుగా ఆ పిల్లవానికి చెప్పవలెను, ఎదురుచూచు పిల్లవానిని ఊరక కూర్చుండబెట్టరాదు. పాఠము వరండాలోనో, నట్టింటనో, పెద్దలకు వినబడుచోట జరుగవలెను. ఉభయపక్షముల పిల్లలకును అది రక్ష. పెద్దలు నడుమ దూరి పాఠము చెప్పనక్కరలేదు. ఎవరి కంఠము ఎక్కువగా వినబడుచున్నదో గమనించిన చాలును.

నారదమహర్షి తన విద్యలన్నిటిని సనత్కుమారునికి విన్నవించిన ఘట్టమును మరల స్మరింపుడు. ఉపదేశమునకు ముందు సనత్కుమారుడు అడిగినది, నీకు తెలిసినది ఏమో చెప్పుము, దానికి పైది చెప్పెదనని. సర్వజ్ఞుడైన గురువు సైతము శిష్యుని మాట వినకుండ బోధను ఆరంభింపలేదు. భూమవిద్య అంతటి మహోపదేశమునకు ఆ ప్రశ్న ద్వారమైనప్పుడు, రొట్టెను ఆరు ముక్కలు చేయు పాఠమునకు వేరొక ద్వారము ఎక్కడనుండి వచ్చును? ఈ సాయంకాలము మీ ఇంట ఏ బిడ్డయైనను ఫోనులో లెక్క చెప్ప కూర్చున్నచో, మొదటి మాటగా ఈ ప్రశ్ననే అడుగుమనుడు.

స్వస్తి.